ఖాళీ గిన్నె వెనక్కి పంపరు



మల్కాజిగిరి, నాచారం, ఉప్పల్ వైపు పాత బస్తీల్లో ఒక అలవాటు ఇంకా నడుస్తోంది. రంజాన్ నాడు పక్కింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది. ఆ గిన్నెను కడిగి ఉత్తగా పంపరు. పది రోజులు ఆలస్యమైనా సరే, సకినాలో గారెలో వేసి మరీ పంపుతారు. ఖాళీ గిన్నె వెనక్కి పంపడం మర్యాద కాదు. దేశాల మధ్య స్నేహాలూ చాలావరకు ఈ గిన్నె లెక్కనే నడుస్తాయి. ఒకరు ముందు పెడతారు. రెండో వాళ్లు ఏం వేసి పంపారన్నదాన్ని బట్టి ఆ స్నేహం నిలబడుతుంది, లేదంటే ఊసు లేకుండా పోతుంది. ఈ పూట చెప్పుకోబోయేది ఆ సంగతే. ముందు మొరాకో దాకా వెళ్దాం. అక్కణ్నుంచి తిన్నగా తార్నాకకు వచ్చేద్దాం.

మొరాకో ఆఫ్రికా ఖండానికి వాయవ్య మూలన ఉంటుంది. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క మధ్యధరా సముద్రం. 1777 సంవత్సరం చివర్లో అమెరికా అనే దేశానికి నిండా రెండేళ్లు లేవు. బ్రిటన్‌తో యుద్ధం సాగుతోంది. ఎవరు గెలుస్తారో తెలియదు. అలాంటి రోజుల్లో, డిసెంబర్ 20న, మొరాకో సుల్తాన్ సీదీ మహమ్మద్ బిన్ అబ్దుల్లా ఒక ప్రకటన చేశాడు. ఏయే దేశాల ఓడలు తన రేవులకు స్వేచ్ఛగా రావచ్చో చెబుతూ, ఆ వరసలో అమెరికన్ల పేరు కూడా చేర్చాడు. అమెరికాను ఒక దేశంగా లెక్కలోకి తీసుకున్న వాళ్లలో మొరాకోది మొదటి వరస.

మరి అమెరికా ఏం చేసింది? ఏళ్ల తరబడి జవాబే ఇవ్వలేదు. యుద్ధం, అప్పులు, దూరం, కారణాలు చాలానే ఉన్నాయి. సుల్తాన్‌కు విసుగొచ్చింది. 1784లో బెట్సీ అనే అమెరికా ఓడను పట్టుకుని రేవులో ఆపేశాడు. ఓడవాళ్లను బానిసలుగా అమ్మలేదు, హింసించలేదు. సంధి గురించి మాట్లాడటానికి రండి అని కబురు పెట్టడానికే ఆ పని చేశాడు. మరుసటి ఏడు వదిలేశాడు కూడా. అప్పుడు కదిలింది అమెరికా. థామస్ బార్‌క్లే అనే దౌత్యాధికారి మర్రకేష్ నగరానికి వెళ్లాడు. 1786లో శాంతి, స్నేహ ఒప్పందం కుదిరింది. దానిమీద అమెరికా తరఫున జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ సంతకాలు చేశారు. ఇద్దరూ తర్వాత అధ్యక్షులయ్యారు. అమెరికా చరిత్రలో తెగకుండా సాగుతున్న ఒప్పందాల్లో ఇదే పాతది. 1789 డిసెంబర్‌లో జార్జి వాషింగ్టన్ స్వయంగా సుల్తాన్‌కు ఉత్తరం రాశాడు. ఆలస్యంగానే అయినా, గిన్నె ఖాళీగా పోలేదు.

తర్వాత 1821లో ఇంకో సుల్తాన్, మౌలే సులేమాన్, టాంజియర్ పట్నంలో అమెరికాకు ఒక ఇల్లు ఇచ్చాడు. పరాయి దేశంలో అమెరికా ప్రభుత్వానికి సొంతమైన మొదటి ఆస్తి అది. ఇరుకు సందుల్లో, తెల్లటి గోడల మధ్య ఉంటుంది. ఆ ఇంట్లో జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేం.

1839లో అక్కడ అమెరికా కాన్సుల్‌గా థామస్ కార్ ఉన్నాడు. సుల్తాన్ ఆయన దగ్గరికి ఒక కానుక పంపాడు. ఏమిటా కానుక? ఒక మగ సింహం, ఒక ఆడ సింహం. చట్టసభ ఒప్పుకోకుండా ప్రభుత్వ ఉద్యోగి పరాయి రాజు దగ్గర కానుక తీసుకోకూడదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. వద్దు మహాప్రభో అన్నాడు కార్. వెనక్కి తీసుకెళ్తే మా తల ఉండదు అన్నాడు సింహాలు తెచ్చిన అధికారి. తీసుకోకపోతే ఇక్కడే సందులో వదిలేసి పోతాం అని కూడా అన్నాడు. చేసేది లేక కాన్సుల్ గారు ఆ రెండు సింహాలను నెలల తరబడి దౌత్య కార్యాలయంలోనే ఒక గదిలో పెట్టి మేపాల్సి వచ్చింది. చివరికి ఓడ ఎక్కించి అమెరికా పంపారు. ఫిలడెల్ఫియాలో వేలం వేశారు. కానుక ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి ఇల్లెంతో, వీలెంతో చూసుకోవాలని ఆ వేలం పాటకు వచ్చిన వాళ్లకైనా అర్థమై ఉంటుంది.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1982లో అమెరికా దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించింది. పరాయి గడ్డ మీద ఆ హోదా ఉన్న కట్టడం అదొక్కటే. ఇప్పుడందులో మ్యూజియం ఉంది, పరిశోధకులకు గ్రంథాలయం ఉంది. చుట్టుపక్కల సందుల్లో ఉండే ఆడవాళ్లకు అక్కడే చదవడం, రాయడం నేర్పుతున్నారు. ఈ చివరి మాట కొంచెం మనసులో ఉంచుకోండి. సుల్తాన్లకూ అధ్యక్షులకూ మధ్య పుట్టిన ఇల్లు చివరికి ఆ వీధి ఆడవాళ్లకు బడి అయింది.

సరే, టాంజియర్‌కూ మనకూ సంబంధం ఏమిటంటారా? లేకేం. లోకమంతా తిరిగిన ఇబ్న్ బతూతా పుట్టింది ఆ టాంజియర్‌లోనే, 1304లో. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు. ఆ సుల్తాన్ తరఫున చైనాకు రాయబారిగా బయల్దేరి, దారిలో దౌలతాబాద్ మీదుగా వెళ్లాడు. ఆ దౌలతాబాద్ తర్వాతి కాలంలో నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. అంటే మొరాకో మనిషి ఒకడు దాదాపు ఏడువందల ఏళ్ల కిందటే మన దక్కనులో దుమ్ము తొక్కాడన్నమాట.

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. ఉప్పల్ వాళ్లకూ నాచారం వాళ్లకూ దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. పొద్దున నడకకు వెళ్లేవాళ్లు రోజూ చూసే కట్టడమే. అది కట్టే ముందు నిజాం ప్రభుత్వం ఇద్దరు ఇంజనీర్లను దేశాల మీదకు పంపింది. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా. వాళ్లు యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్టు తిరిగి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. కైరోలో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పట్టుకొచ్చారు. 1934లో పునాది రాయి పడింది. 1939 డిసెంబర్ 4న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. ఈసారి అటు వెళ్లినప్పుడు కాస్త ఆగి చూడండి. స్తంభాల్లో అజంతా, ఎల్లోరా పోకడ కనిపిస్తుంది. కమానుల్లో మొరాకో, స్పెయిన్ వైపు పుట్టిన మూరిష్ శైలి కనిపిస్తుంది. కట్టింది మాత్రం మన గుట్టల రాయితో.

ఆ ఆవరణలోనే అమెరికాతో మన ఇచ్చిపుచ్చుకోవడాలకు ఒక పెద్ద అధ్యాయం ఉంది. అది మొదలైంది గోధుమలతో.

1951లో మన దేశానికి తిండి గింజల కరువు. అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, గోధుమల కోసం. ఆ అప్పు చట్టంలోనే ఒక చిత్రమైన ఏర్పాటు పెట్టారు. భారతదేశం కట్టే వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు తిరిగి చదువు మీదే ఖర్చు పెట్టాలి. పుస్తకాలు, పరికరాలు, ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ అధ్యాపకుల రాకపోకలు. అంతకు ఏడాది ముందే, 1950 ఫిబ్రవరి 2న, నెహ్రూ గారు, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ కలిసి ఫుల్‌బ్రైట్ ఒప్పందం మీద సంతకం చేశారు. ఇప్పుడు ఫుల్‌బ్రైట్–నెహ్రూ స్కాలర్‌షిప్ అంటున్నది దాని కొనసాగింపే. 2008 నుంచి భారత ప్రభుత్వం కూడా అందులో సమాన భాగస్వామి. మొదట్లో ఒకరే పెట్టేవారు. ఇప్పుడు ఇద్దరూ పెడుతున్నారు.

తర్వాత 1954లో వచ్చింది పీఎల్ 480 అనే పథకం. పెద్దవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. 1960లలో బడికి వెళ్లిన వాళ్లకు అమెరికా నుంచి వచ్చిన గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి రుచి గుర్తుండే ఉంటుంది. ఆ పథకంలో మనం గింజలు కొన్నాం, డబ్బు రూపాయల్లో కట్టాం. ఆ రూపాయలను అమెరికా తీసుకుపోలేదు. తీసుకుపోయి ఏం చేసుకుంటుంది? రూపాయి అక్కడ చెల్లదు కదా. అవి ఇక్కడే గుట్టలుగా పేరుకుపోయాయి. ఎంతగా అంటే, 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి డేనియల్ మొయ్నిహాన్ అందులో 1,664 కోట్ల రూపాయలను ఒకే చెక్కుగా రాసి మన ప్రభుత్వానికి ఇచ్చేశారు. గిన్నిస్ బుక్కుకు ఎక్కిన చెక్కు అది.

కానీ అంతకుముందే ఆ రూపాయల్లో కొన్నిటికి ఒక మంచి పని దొరికింది. 1962లో అమెరికా జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఢిల్లీలో ఆఫీసు తెరిచింది. ఆ రూపాయలతో భారతీయ భాషల పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. తెలుగు కూడా అందులో ఉంది. విజయవాడలో, మద్రాసులో, హైదరాబాద్‌లో అచ్చయిన నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు పెట్టెల్లో సర్దుకుని ఓడలెక్కాయి. చికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాల బీరువాల్లోకి చేరాయి. గట్టి అట్టలతో బైండు చేశారు. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ణ-కూ ళ-కూ కింద చుక్కలు పెట్టి, కార్డుల్లోకి ఎక్కించారు. ఇక్కడ రెండు రూపాయలకు అమ్మిన నవల అక్కడ చెదలు పట్టకుండా కూర్చుంది. గోధుమలు తిన్నాం, అరిగిపోయాయి. పుస్తకాలు మాత్రం ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఆ కాలపు తెలుగు పుస్తకాల విషయంలో మనకన్నా వాళ్లే ఎక్కువ శ్రద్ధ చూపించారు. ఇది మనం కొంచెం సిగ్గుపడుతూనే ఒప్పుకోవాల్సిన సంగతి.

ఇది వాళ్లకు వెళ్లిన గిన్నె. మరి మనకు వచ్చింది? 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. ఆ తరం వాళ్లు ఏఎస్ఆర్‌సీ అనే పిలిచేవాళ్లు. దాని ప్రాణమంతా గ్రంథాలయం. అమెరికా చరిత్ర, సాహిత్యం, రాజకీయం, చట్టం. అమెరికా బయట ఈ విషయాల మీద ఉన్న పెద్ద గ్రంథాలయాల్లో ఒకటిగా దానికి పేరొచ్చింది. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మల్డర్ తొలి రోజుల్లో డైరెక్టర్‌గా పనిచేశారు. కేరళ నుంచి, కశ్మీర్ నుంచి, పొరుగు దేశాల నుంచి పరిశోధకులు సూట్‌కేసులతో దిగేవాళ్లు. అక్కడే గది, అక్కడే బల్ల, చుట్టూ పుస్తకాలు. హెమింగ్వే, ఫాక్నర్ లాంటి అమెరికా రచయితల మీద థీసిస్ రాయాలంటే ఒకప్పుడు దేశంలో చాలామందికి దారి సికింద్రాబాద్ స్టేషన్ మీదుగానే. అమెరికా వెళ్లడానికి వీసా, విమానం టికెట్టు లేని మనిషికి అమెరికా పుస్తకాలు తార్నాక పక్కనే దొరికాయి.

1964లోనే మరో ప్రయాణం జరిగింది. అమెరికా ప్రభుత్వం సాంస్కృతిక మార్పిడి కింద అక్కినేని నాగేశ్వరరావు గారిని ఆహ్వానించింది. ఆయన వెళ్లి, చూసి, వచ్చి 'నేను చూసిన అమెరికా' అని పుస్తకం రాశారు. బడి చదువు పెద్దగా లేని నటుడు తాను చూసినదాన్ని తన ప్రేక్షకులకు తిరిగి ఇవ్వాలనుకున్నారు. మెచ్చుకోవాల్సిన విషయం అది.

ఉస్మానియాలోనే ఇంకొకరు ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఒంగోలులో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన చేసిన పరిశోధనను 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. మరుసటి ఏడు ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. అమెరికాలో నేర్చుకున్న పద్ధతిని మన రైతుల మాటలకు, నేతగాళ్ల మాటలకు వాడారు. మాండలిక వృత్తి పదకోశాల వెనుక ఉన్నది ఆ పని. వాళ్ల దగ్గర తీసుకున్నదాన్ని అలాగే అప్పజెప్పకుండా, మన సరుకు వేసి తిప్పి పంపడమంటే ఇదే.

అటు వైపు కూడా చూడండి. 1963లో లీ లిస్కర్ అనే అమెరికన్ ఆచార్యుడు అమెరికా విద్యార్థుల కోసం వాడుక తెలుగు వాచకం తయారుచేశారు. శ్రీకాకుళం వైపు పుట్టిన వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్‌లో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఆయన దగ్గరికి వచ్చిన జీన్ రోఘేర్ పల్నాటి వీరుల కథ మీద పనిచేశారు. గ్రంథాలయంలో కూర్చుని చేసిన పని కాదు అది. ఆలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడుతుంటే విని, రాసుకుని, అనువదించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పుస్తకం అచ్చయింది. 2015లో నారాయణరావు గారు, అమెరికాలో అయోవా రాష్ట్రంలో పుట్టిన డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన పెద్దన మనుచరిత్ర అనువాదాన్ని హార్వర్డ్ ప్రచురించింది. ఆ పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో తెలుగు అక్షరాలు, కుడి పేజీలో ఇంగ్లీషు. అల్లసాని వారు అమెరికా పుస్తకాల షాపులో తమ లిపిలోనే కూర్చున్నారు.

ఇంకొక్క సంగతి. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ మొదలైంది. ఎక్కడ? బేగంపేటలో, పైగా ప్యాలెస్‌లో. పైగా నవాబుల ఇంట్లో దాదాపు పదిహేనేళ్లు ఉన్నారు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో సొంత భవనానికి మారారు. ఆ ఇంట్లో ఉన్న కాలంలోనే, 2021లో, సంతోష్‌నగర్ వైపు ఉన్న పైగా సమాధుల మరమ్మతుకు రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించారు. అమెరికా రాయబారి సాంస్కృతిక పరిరక్షణ నిధి నుంచి, ఆగాఖాన్ ట్రస్టు పనితనంతో ఆ పని జరిగింది. సున్నపు గచ్చు మీద చెక్కిన జాలీలు, పువ్వులు, తీగలు అక్కడ చూడాలి. సన్నటి పని. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా వెళ్తే అదేమీ దూరం కాదు. అయినా వీసా కోసం బేగంపేటలో బారులు తీరిన వాళ్లలో ఆ సమాధులు చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

అసలు కష్టం ఇక్కడే ఉంది. మన దగ్గర అమెరికా అంటే వీసా, ఐ-ట్వంటీ, జీఆర్ఈ మార్కులు, డాలర్ రేటు. తప్పేం లేదు. పిల్లల బతుకు తెరువు అది. కానీ ఇచ్చిపుచ్చుకోవడంలో అది ఒక చెంపే. 1990ల చివర్లో అమెరికా నుంచి నిధులు తగ్గాక ఏఎస్ఆర్‌సీ పేరు మారింది, తీరు మారింది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం. మొదట ఎవరో పెట్టిన గ్రంథాలయాన్ని నిలబెట్టుకోవడం ఇప్పుడు మన పని. గ్రంథాలయం నిలిచేది పాఠకులు వస్తేనే. టాంజియర్‌లోని ఆ పాత ఇంట్లోకీ ఆ వీధివాళ్లు వస్తూనే ఉన్నారు.

మళ్లీ చెబుతున్నది ఒకటే మాట. పుచ్చుకున్న దగ్గర ఆగిపోకూడదు. ఉస్మానియాలోనూ, పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ ఆఫ్రికా, అరబ్బు దేశాల పిల్లలు చదువుకుంటున్నారు. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కల అద్దెకు ఉంటారు. వాళ్లను అద్దె విషయానికి తప్ప పలకరించని వీధులే ఎక్కువ. బతుకమ్మ రోజున ఒకసారి రమ్మనండి. వాళ్ల ఊళ్లో పండగ ఎలా చేస్తారో అడగండి. మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఈ ఏడు అమెరికా వెళ్తుంటే, పచ్చళ్ల డబ్బాల పక్కన రెండు తెలుగు పుస్తకాలకు చోటు ఇవ్వండి. అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తెలుగు అర ఉందేమో చూసి రమ్మనండి. ఉంటే, అందులోని పాత పుస్తకాల్లో చాలావాటిని అక్కడిదాకా మోసుకెళ్లింది మన రూపాయలేనని చెప్పండి.

ఇక మీ సంగతి. మెట్రోలో ఉప్పల్‌లో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, ఆ తర్వాత తార్నాక. నాలుగో స్టేషన్. దిగి ఉస్మానియా ఆవరణలోకి వెళ్లండి. ముందు ఆర్ట్స్ కాలేజీ కమానులు చూడండి. తర్వాత అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం ఎక్కడో అడగండి. పాతవాళ్లను అడిగేటట్టయితే ఏఎస్ఆర్‌సీ అనండి, వెంటనే చెబుతారు. డిగ్రీ చదివే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. వెళ్లేముందు పని వేళలు, లోపలికి అనుమతి ఎవరికి ఇస్తారో కనుక్కోండి. గుర్తింపు కార్డు మరచిపోకండి.